కోటిలింగం కుక్కకు ధైర్యం వచ్చిన వైనం

జగ్గయ్యపేటకు చరిత్ర కొత్త కాదు. ఊరి పక్క ధనంబోడు మీద రెండువేల ఏళ్ళనాటి స్తూపం ఉంది. దాని చెక్కడపు రాళ్ళను దొరలు చెన్నపట్నం తరలించుకుపోయారు గనక, చరిత్ర అనేది బళ్ళకెక్కి వెళ్ళిపోయే సరుకని ఊళ్ళోవాళ్ళకు ఒక అభిప్రాయం. బళ్ళకెక్కకుండా బజారులోనే మిగిలిపోయిన చరిత్ర ఒక్కటే ఉంది. దాన్ని వాళ్ళు రెండు యుగాలుగా విభజిస్తారు: కోటిలింగం దగ్గక ముందు, కోటిలింగం దగ్గిన తరువాత.

పూర్వయుగంలో కోటిలింగం కూడా అందరు వర్తకుల్లాగే పొద్దున్నే వచ్చి, తన పచారీ కొట్టు తలుపు చెక్కలు ఒక్కొక్కటే ఊడదీసి అరుగు మీద ధడేలున పడేసేవాడు. 1948 మాఘమాసంలో ఒకనాడు, చరిత్రకారులెవరూ దరిదాపుల్లో లేని సమయం చూసి, చెక్క మీద చెయ్యి వేయబోతూ ఆగాడు. "అహఁ, అహఁ" అని మెత్తగా దగ్గాడు. కాస్త నిలబడ్డాడు. ఆ తరువాత చెక్కను బాలింతరాలు బిడ్డను దింపినట్టు కిందికి దింపాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

దేశానికి స్వరాజ్యం వచ్చి అప్పటికి ఏడాది తిరగలేదు. గరికపాడు దాటితే నైజాం రాజ్యం. అక్కడ రజాకార్లు ఊళ్ళు తగలబెడుతుంటే, పిల్లాజెల్లాతో జనం బళ్ళు కట్టుకుని ఇటు వచ్చి సత్రాల్లో పడుతున్నారు. ఇన్ని పెద్ద సంగతులు ముంగిట్లో జరుగుతుండగా బజారు మాత్రం నెల్లాళ్ళపాటు ఈ దగ్గు గురించే చర్చించింది. క్షయ అని కొందరన్నారు. పెళ్ళానికి సంజ్ఞ అని ఎదురుకొట్టు బ్రహ్మయ్య అన్నాడు. నిజానికి అది ఒక కుక్కకు చేసుకున్న విన్నపం: "వస్తున్నది నేనే. జరగబోయేది చప్పుడే. దయచేసి చచ్చిపోవద్దు."

ఆ కుక్క ఒక శరణార్థుల బండి ఇరుసు కింద నడుచుకుంటూ వచ్చింది. బండి నందిగామ వైపు సాగిపోయింది. కుక్కకు నడిచే ఓపిక అయిపోయి, కోటిలింగం అరుగు కింద దూరింది. మెడ చుట్టూ కంకణంలాగా పచ్చి పుండు. పుండులో తెగిన తాడు ముక్క.

"మాది కాదయ్యా," అన్నాడు బండివాడు పోతూ పోతూ. "కాలిన ఇంటి ముందల గుంజకు కట్టేసి ఉండె. ఇంటోళ్ళు ఏమైన్రో తెల్వదు. తాడు కొరుక్కొని మా ఎంబడి పడ్డది."

కోటిలింగం దాన్ని వంగి చూశాడు. కుక్క కూడా చూసి, పడుకున్నచోటనే మూత్రం పోసింది. ఆ క్షణాన కోటిలింగానికి అది తన గోత్రమేననిపించి ఉండాలి. ఎందుకంటే పిరికితనంలో బజారు మొత్తానికి ఆయనే పెద్ద. బజారు సంఘం సమావేశాల్లో గుమ్మం పక్కనే కూర్చునేవాడు. తీర్మానానికి చేతులెత్తమంటే, మిగతావాళ్ళంతా ఎత్తారని రూఢి చేసుకుని అప్పుడు తన చెయ్యి భుజందాకా ఎత్తేవాడు. నలభై అయిదేళ్ళ జీవితంలో ఆయన ఎవరినీ ఎదిరించి ఒక మాట అని ఎరగడు. భార్య వాసవాంబ అనే మాటలే ఆ ఇంటికి సరిపోయేవి.

ఆయన కుక్కకు భీముడని పేరు పెట్టాడు. బజారు పగలబడి నవ్వింది.

ఈ భీముడికి లోకంలో భయం కానిదంటూ లేదు. ఎత్తిన చెయ్యి భయం, ఖాకీ చొక్కా భయం. తాడు కంటపడితే వెల్లకిలా పడి వణికేది. ఏ ఇంటి గడపా దాటదు. కప్పు కింద క్షణం నిలవదు. అరుగు కింద మాత్రం మూడు వైపులా తెరిపి కాబట్టి ఒప్పుకునేది. కోటిలింగం రోజూ విస్తరాకులో పెరుగన్నం పెట్టి, దూరంగా జరిగి, దానికి వీపు తిప్పి కూర్చునేవాడు. కంట్రోలు రోజులు, మనుషులకే బియ్యానికి కటకట.

"కట్టుకున్నదానికి ఏనాడన్నా ఇలా వడ్డించారా?" అని వాసవాంబ.

"నువ్వు వణకవు గదే," అని ఆయన.

అన్నిటికంటే చిక్కు తూకపు రాళ్ళతో వచ్చింది. ఇనప గుండు తక్కెట్లో ఠంగుమంటే చాలు, అరుగు కింద కుక్క గోడలోకి దూరిపోవాలని గోళ్ళతో రక్కేది. కోటిలింగం తక్కెడ సిబ్బెలో గోనెపట్టా పరిచాడు. అప్పటినుంచి గుండ్లు మెత్తగా, దొంగల్లాగా దిగటం మొదలుపెట్టాయి.

పూలమ్ముకునే పుల్లమ్మ కందిపప్పుకు వచ్చి చూసింది.

"ఏం శెట్టిగారూ, మీ రాళ్ళు మాట్టాడటం మానేసినయ్యే? ఇనప్రాళ్ళా, బెండురాళ్ళా?"

"కుక్క బెదురుద్దమ్మా, అందుకని..."

"కుక్క బెదురుద్దని చూసుకున్నారు గానీ, మేం బెదురుతామని లేదూ?" అని ఆమె సంచీ దులుపుకుని బ్రహ్మయ్య కొట్టుకు వెళ్ళింది. అక్కడ గుండ్లు ఊరంతా వినపడేటట్టు మోగుతాయి. వర్తకుడి నిజాయితీ చెవులకు వినపడాలని బజారు శాస్త్రం. కోటిలింగం ఒక కుక్క నమ్మకం కోసం ఖాతాదార్ల నమ్మకాన్ని అమ్ముకున్నాడని బ్రహ్మయ్య అందరికీ చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఉగాదికి పుండు మానింది. చైత్రంలో ఒకరోజు కోటిలింగం వీపు తిప్పి కూర్చుని ఉండగా మోచేతికి తడిగా ఏదో తగిలింది. ఆయన కదల్లేదు. ఊపిరి కూడా లెక్కగా పీల్చాడు. ఇంకొన్నాళ్ళకు, బజారు మధ్యలో ఒక మిలిటరీ లారీ ఢామ్మని పేలినట్టు చప్పుడు చేస్తే, భీముడు మురుక్కాలవలోకి కాకుండా కోటిలింగం కాళ్ళమధ్యకు పరిగెత్తింది. కోటిలింగం కూడా అదే వేళకు కుక్క వైపే పరిగెత్తాడు గనక, ఎవరు ఎవరి వెనక దాక్కున్నారో చూసినవాళ్ళు తేల్చి చెప్పలేకపోయారు.

అంతవరకూ బాగానే ఉంది. వైశాఖంలో నందిగామలో వాసవాంబ తమ్ముడు దశరథరామయ్య గృహప్రవేశం వచ్చింది. బావగారు లేనిదే ఎలాగని అతను మనిషిని పంపాడు. వెళ్ళి మూడోనాడు తిరిగి వచ్చేసరికి, అరుగు ముందు విస్తరాకుల్లో అన్నం ఎండిపోయి ఉంది. కుక్క డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి.

"నేనూ పెట్టా, పుల్లమ్మా పెట్టింది," అన్నాడు బ్రహ్మయ్య. "వాసన కూడా చూళ్ళా. నీ కుక్కకు ఇంత పట్టింపేంటయ్యా?"

కోటిలింగానికి లోలోపల కాస్త గర్వమే కలిగింది. దాన్ని వాసవాంబ వెంటనే కనిపెట్టింది.

"మురిసిపోకండి. రేపు మీకేదన్నా అయితే అది మీ వెనకే ఆకలితో చస్తుంది. దాన్ని మీరు పెంచుతున్నారా, కట్టేస్తున్నారా? పదిమంది చేతా తినటం నేర్పండి."

'కట్టేయటం' అన్న మాట ఆయనకు ముల్లులాగా గుచ్చుకుంది. మర్నాటినుంచే కొత్త పాఠం మొదలైంది. కుక్క పక్కన తను కూర్చోవటం, అన్నం ఇంకొకరిచేత పెట్టించటం. వాసవాంబ ముక్కు చిట్లించుకుంటూనే పెట్టింది. పుల్లమ్మ పెట్టింది, ఆ వంకతో పప్పు బేరం కూడా తిరిగొచ్చింది. బ్రహ్మయ్య పెట్టాడు. కుక్క ప్రతిసారీ కోటిలింగం మొహంలోకి చూసేది. ఆయన తల ఊపితే తినేది.

మిగిలింది ఏలీయా. బజారు ఊడ్చేవాడు. మనిషెత్తు చీపురుతో పొద్దున్నే వచ్చే ఏలీయాను చూస్తేనే భీముడికి పై ప్రాణాలు పైనే పోయేవి. ఏలీయాను జయిస్తే కుక్క లోకాన్నంతా జయించినట్టేనని కోటిలింగం నిశ్చయించాడు. విస్తరాకు పట్టుకుని వెళ్ళి అడిగాడు.

"నా చేతి కూడు మీ కుక్క తింటే మైలపడదాండీ?" అన్నాడు ఏలీయా.

"దానికి అట్లాంటి పట్టింపులేం లేవులే ఏలీయా."

"దానికి లేవు గదండి," అని ఏలీయా చీపురు గోడకు ఆనించి విస్తరాకు అందుకున్నాడు.

పాఠం నెలకు పైగా సాగింది. మొదట చీపురు లేకుండా, తరువాత చీపురు పక్కన పెట్టి, తరువాత చేత్తో పట్టుకుని. ఆఖరుకు ఏలీయా చీపురు నిలువునా పైకెత్తి, "హోయ్!" అని అరవటం, కోటిలింగం కుక్క మెడ నిమురుతూ "ఏం లేదురా, మన ఏలీయాయే" అనటం. జ్యేష్ఠంలో ఒకరోజు బజారంతా చూస్తుండగా, ఎత్తిన చీపురు కిందికి భీముడు తోక ఊపుకుంటూ నడిచి వెళ్ళి, ఏలీయా చేతిలోది తిని, చీపురు పుల్లల్ని నాకి, అక్కడే చతికిలబడింది. ఈసారి అది కోటిలింగం మొహంలోకి చూడలేదు. పుల్లమ్మ దోసెడు మల్లెలు దాని నెత్తిన పోసింది. కోటిలింగం కొట్టులోకి వెళ్ళి బెల్లం బస్తా చాటున కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ విజయానికి ఇంకో విజయం తోడైంది. బ్రహ్మయ్య ఎక్కడో సంపాదించిన ఎండుచేపను ఎవరిచేతో భీముడి ముందు వేయించాడు. భీముడు మూతి దగ్గర పెట్టి, తుమ్మి, పక్కకు పోయి పడుకుంది. చేప మరీ పాతదని చూసినవాళ్ళు అన్నారు. కోటిలింగం ఆ వాదాన్ని అంగీకరించలేదు. "పెరుగన్నం తిన్న ఒళ్ళు. నీచు ముట్టదు," అన్నాడు. బజారు సంఘం అధ్యక్షుడు, టోకు వ్యాపారి రాధాకృష్ణమూర్తి గారికి ఈ మాట బాగా నచ్చింది. బెజవాడ నుంచి వచ్చిన షావుకార్లను అరుగు దగ్గరికి తీసుకొచ్చి, "మా బజారులో కుక్క కూడా శాకాహారే" అని చూపించేవారు.

ఆ ఏడు వానలు వెనకబడి ఎండలు ముదిరాయి. ఎక్కడినుంచో ఒక పిచ్చికుక్క వచ్చి, సత్రంలో తలదాచుకున్న శరణార్థుల పిల్ల జయమణిని కరిచింది. సరిహద్దు గొడవల్లో సూదుల కోసం బెజవాడ తీసుకెళ్ళటం ఆలస్యమైంది. నైజాంలో తుపాకులు తప్పించుకుని వచ్చిన పిల్ల, నీళ్ళ చెంబు చూసి కేకలు పెడుతూ చచ్చిపోయింది. ఆ కేకలు బజారు మొత్తం విన్నది. దాని తరువాత కుక్కలను చంపాలా వద్దా అని అడిగినవాళ్ళు లేరు. కోటిలింగం కూడా అడగలేదు.

మాంసపు ఉండల్లో ముషిణి గింజల విషపు మందు కలిపి వేయిస్తామనీ, పెంపుడు కుక్కల్ని ఎవరివి వాళ్ళు కట్టేసుకోవాలనీ సంఘంవారు దండోరా వేయించారు. కోటిలింగం వాసవాంబ పాత చీర అంచు చింపి, మెత్తగా పేని, చేతుల వెనక దాచుకుని అరుగు దగ్గరికి వెళ్ళాడు. భీముడు దాన్ని చూసింది. నోరు తెరిచి అరవలేదు, పారిపోలేదు. వెల్లకిలా పడి, కాళ్ళు ముడుచుకుని, కోటిలింగం కళ్ళలోకే చూస్తూ మూత్రం పోసింది. ఆ అంచు ఆయన పొయ్యిలో పడేశాడు. ఇంటిదాకా తీసుకెళ్ళి లోపలికి పిలిచాడు, గడప దగ్గరే కూలబడింది.

"ఏం చేస్తారు?" అంది వాసవాంబ.

"మాంసపు ఉండలేగా," అన్నాడు ఆయన. "మనవాడు ముట్టడు. నువ్వు చూళ్ళా చేప సంగతి?"

మందు వేసే ముందురోజు మధ్యాహ్నం సంఘం ఏర్పాట్ల కోసం సమావేశమైంది. కోటిలింగం గుమ్మం పక్కన తన స్థానంలో కూర్చున్నాడు. బ్రహ్మయ్య ఊరుకోలేక, "అందరి కుక్కలూ సరే, మన భీమసేనుడి సంగతి ఏంటి కోటిలింగం?" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు. అప్పుడు జరిగింది బజారు చరిత్రలో రెండో పెద్ద ఘట్టం. కోటిలింగం లేచి నిలబడ్డాడు.

"మా వాడికేం భయం లేదు. వాడు నీచు ముట్టడు," అన్నాడు. అంతటితో కూర్చుంటే బాగుండేది. కానీ గొంతు తనదేనా అన్నట్టు ఖంగున పలికింది; జనం వింటున్నారు; నలభై అయిదేళ్ళుగా లోపల పడి ఉన్న మాటలన్నీ ఒక్కసారి గుమ్మానికి వచ్చాయి. "నేనొకటి అడుగుతానండీ. కుక్కే ముట్టని నీచు, అమ్మవారి గుడి ఉన్న బజారులో, మన చేతుల్తో మనం వేయిస్తామా? రేపు ఆడవాళ్ళు పసుపు కుంకాలు పట్టుకుని ఆ మాంసపు ముక్కలు తొక్కుకుంటూ గుడికి వెళ్ళాలా? చంపండి, కాదనను. నీచు మాత్రం వద్దు!"

చప్పట్లు మోగాయి. ముసలి వర్తకులు "భేష్, కోటిలింగం!" అన్నారు. రాధాకృష్ణమూర్తి గారు స్వయంగా లేచి, బజారు సంప్రదాయాన్ని నిలబెట్టారని మెచ్చుకుని, నీచు వాడరాదని తీర్మానం సవరించారు. కోటిలింగం ఇంటికి వెళ్తూ, దారిలో భీముడి తల నిమిరి, "విన్నావురా, మాట్లాడేశా" అన్నాడు.

వాసవాంబ సంగతంతా విని, చెంబు కింద పెట్టింది.

"మరి మాంసం కాకపోతే దేంట్లో కలుపుతారండీ?"

కోటిలింగం పావుకోళ్ళు విప్పబోతున్నవాడు మళ్ళీ తొడుక్కున్నాడు.

రాధాకృష్ణమూర్తి గారి వసారా నిండా జనం. "రావయ్యా రా, నీ గురించే అనుకుంటున్నాం" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. వెండి పళ్ళెంలో తాంబూలం వచ్చింది. ఇన్నేళ్ళలో కోటిలింగం ఆ వసారా మెట్టు ఎక్కటం అదే మొదలు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నా, మాంసమే వేయించండి అనే వాక్యాన్ని ఆయన నోట్లో కట్టుకున్నాడు. వక్కతో పాటు నమిలాడు. ఎవరో ఆయన ప్రసంగాన్ని ఇంకోసారి అభినయించి చూపించారు. అందరూ ఆయన వంక చూశారు. ఆయన వాక్యాన్ని మింగేసి నవ్వాడు. "సెలవండి" అని మాత్రం అని లేచి వచ్చాడు.

దారిలో ఒక ఉపాయం తోచింది. మందు వేసే ఏలీయా ఎటూ గుడివైపు నుంచి మొదలుపెట్టి, చివరికి గానీ తన కొట్టు దగ్గరికి రాడు. తెల్లవారకముందే వచ్చి కుక్క పక్కన కూర్చుంటే సరి. ఆయన అనుకున్న ప్రకారమే తెల్లవారకముందే లేచి, మొహాన నీళ్ళు చల్లుకుని తలుపు తీశాడు. ఎదురుగా ఏలీయా నిలబడి ఉన్నాడు. చీపురు లేదు.

"అయ్యా, మీ కొట్టుకాణ్ణించే మొదలెట్టమన్నారండి," అన్నాడు ఏలీయా. "మీకు గౌరవంగా ఉంటదంట."

కోటిలింగం గడప దిగాడు.

"నన్ను చూసి ఉరికొచ్చింది. పో అన్నా. ఛీ కొట్టా. చీపురెత్తి అరిచా, కొట్టా కూడా అయ్యా, నడుం మీద. ఆటనుకుంది. చీపురు నాకింది. నేను ఆకు తీసేసేలోపు..." ఏలీయా చేతులు చూపించాడు. వాటికి పెరుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

కోటిలింగం పరిగెత్తాడు. భీముడు అరుగు ముందు కర్రలాగా బిగుసుకుని పడి ఉంది. ఉప్పునీళ్ళు పోశాడు, పళ్ళు గిట్టకరిచి ఉన్నాయి, లోపలికి దిగలేదు. తల ఒళ్ళో పెట్టుకుంటే కాసేపు ఒళ్ళు సడలింది. కళ్ళు తెరిచి ఆయన్ను చూసింది, తోక చివర కదిలింది. ఆ విషం లక్షణమేమంటే, చిన్న చప్పుడైనా ఒళ్ళంతా విల్లులాగా వంగిపోతుంది. బజారు తెరిచే వేళయింది. ఎదురుకొట్టు చెక్క ధడేలుమంది. కుక్క విల్లయింది.

"బ్రహ్మయ్యా, చప్పుడు చెయ్యకు!" అని కోటిలింగం అరిచాడు. తన అరుపుకే అది మరోసారి వంగింది. ఆయన నోరు మూసుకున్నాడు. బ్రహ్మయ్య చేతిలో చెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కానీ బజారు పొడుగు; అవతల చెక్కలు ఒక్కొక్కటే పడుతూనే ఉన్నాయి. కోటిలింగం కుక్క చెవులు రెండూ అరచేతుల్తో మూసి పట్టుకుని కూర్చున్నాడు. ఆఖరు కొట్టు తెరిచేదాకా అది బతకలేదు.

కాస్త పొద్దెక్కాక రాధాకృష్ణమూర్తి గారు అటు వచ్చారు. కండువాతో ముక్కు మూసుకుని, "అయ్యో, ఇది కూడానా? ఏం చేస్తాం కోటిలింగం. నీ మాట మాత్రం నిలిచింది, బజారులో ఎక్కడా నీచు పడలేదు," అన్నారు.

"అవునండీ," అన్నాడు కోటిలింగం.

ఏలీయా బండి తోలుకొచ్చాడు. అప్పటికే దాంట్లో బజారు కుక్కలు నిండుగా ఉన్నాయి. కోటిలింగం భీముణ్ణి తనే ఎత్తి, పైన చోటు చేసి పెట్టాడు. పాలేటి ఒడ్డున గొయ్యి ముందురోజు సాయంత్రమే తవ్వించి ఉంచారు.